జీపు మీది బాకా, జీపులోని పెట్టె

మాడుగుల మైదానమునకు చివరి ఊరు, కొండలకు మొదటి ఊరు. చోడవరము నుండి వడ్డాది మీదుగా వచ్చు బాట ఇచ్చట కొండల పాదమును తాకి, గరికబంద వద్ద ఘాటు ఎక్కి, పాడేరునకు పోవుచున్నది. 2022 ఏప్రిల్ నుండి మాడుగుల అనకాపల్లి జిల్లాలోను, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినవి గాని, అంతకు పూర్వము రెండును విశాఖపట్టణము జిల్లాలోనివే. ఇట్టి దారులలో నాలుగు చక్రములకును ఇంజను బలము అందు చిన్న బండికి పెద్ద కారునకు లేని గౌరవము కలదు. ఆ బండిలో సీటు వెనుక ఒక చెక్కపెట్టె, తలపై నాలుగు స్పీకర్లు అమర్చి, పాట పెట్టుకొని ఘాటు ఎక్కుట నేటి యువకుల వేడుక. ఆ పెట్టెను సబ్‌వూఫరు అందురు. పెద్దలు దీనిని క్రొత్త పిచ్చి యనుచున్నారు. చిన్న బండికి గొంతు అమర్చుట క్రొత్త పని కాదు. మన పల్లెలలో దానికి డెబ్బది సంవత్సరములకు తక్కువ కాని చరిత్ర కలదు. క్రొత్తది ఆ గొంతు తిరిగిన దిక్కు మాత్రమే.

జీపు రాకమునుపు వార్త చాటుటకు తప్పెట యుండెను. శిస్తు గడువైనను, అమ్మవారి పండుగ నాడైనను, తప్పిపోయిన పశువు సంగతియైనను, గ్రామసేవకుడు వీధి మొగలో నిలిచి ముందు తప్పెట కొట్టును, పిదప నోరు విప్పును. ఈ వరుసలో ఒక తెలివి యున్నది. తప్పెట మ్రోత గోడలను దాటి, వంటయింటిలోని వారిని అరుగు మీదికి తెచ్చును. అది మాట కాదు, మాట రానున్నదను కబురు. మ్రోత దూరపువారికి, మాట దగ్గరవారికి. ఉత్తరాంధ్రమున రొమ్ముపై కట్టుకొని వాయించు తప్పెటగుళ్ళు, కొండమీద ధింసా నృత్యమునకు మ్రోగించు తుడుము, డప్పు ఎరిగిన వారికి ఈ మంద్రధ్వని శక్తిని వేరుగా వర్ణింప నక్కరలేదు. అది చెవికి వినబడుట కంటె ముందు పొట్టకు తగులును.

మాటనే దూరమునకు పంపు యంత్రము అమెరికాలో పుట్టినది. పీటర్ జెన్‌సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అను ఇంజనీర్లు 1915లో తమ ధ్వనివర్ధకమును శాన్ ఫ్రాన్సిస్కో జనులకు వినిపించిరి. 1919లో అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో వేలాది ప్రజల యెదుట ఆ సాధనముతోనే ప్రసంగించెను. 1925లో రైస్, కెల్లాగ్ అనువారు కాగితపు శంకువునకు తీగచుట్ట నంటించి, దానిని అయస్కాంతపు సందులో కదల్చు పద్ధతిని ప్రకటించిరి. నేటి సబ్‌వూఫరు పరిమాణమున ఎంత పెరిగినను లోపలి సూత్రము అదియే.

మన దేశమునకు ఈ సాధనము త్వరగనే వచ్చెను. 1924లో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు మూతపడిన పిమ్మట, మద్రాసు కార్పొరేషను ప్రసారబాధ్యత వహించి 1930 నుండి సముద్రతీరమున లౌడ్‌స్పీకర్లు పెట్టి, రేడియో కొనలేని వారికిని సంగీతము వినిపించెను. బొంబాయిలో చికాగో రేడియో అను సంస్థను నడపిన నానిక్ మోత్వానీ కాంగ్రెసు సభలకు మైకులు, బాకాలు అమర్చెను. గాంధీ, నెహ్రూల ఛాయాచిత్రములలో మైకు మీద కనబడు చికాగో అను పేరు ఆ సంస్థదే. అయితే ఇవి యన్నియు ఒకచోట నిలిచి పలుకు సాధనములు. జనులు వాని వద్దకు పోవలెను. సాధనమే జనుల వద్దకు పోవుటకు, అందును బాట లేని చోటికి పోవుటకు, తగిన బండి కావలసి వచ్చెను.

ఆ బండి జీపు. 1940లో అమెరికా సైన్యము కోరగా బాంటమ్ సంస్థ తొలి నమూనా చేసెను. విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధము ముగియునాటికి ఆరు లక్షలకు పైగా తయారు చేసెను. పొడవు పదునొకండు అడుగులు, వెడల్పు అయిదడుగుల రెండంగుళములు, పైన గుడ్డకప్పు, ప్రక్కలకు తలుపులు లేవు. దీనిలో తొలుత అమర్చిన ధ్వనిసాధనము సైన్యపు వైర్‌లెస్. స్పార్కు ప్లగ్గుల వలన వైర్‌లెస్‌లో గరగర పుట్టుచుండగా, దానిని అణచుటకు ఇంజనును, బానెట్టును, చట్రమును అల్లిక రాగిపట్టీలతో కలిపి బిగించిరి. అట్లు శుద్ధి చేసిన బండి నంబరునకు ఎస్ అను అక్షరము చేర్చిరి. నేడు ఆంప్లిఫయరు ఎర్తు తీగను బిగించుటకు ముందు మెకానిక్కు చట్రముపై పెయింటు గీకి, ఇనుము మెరయునట్లు చేయుచున్నాడే, అది ఆ యుద్ధకాలపు పాఠమే. ఆ పని చేయనిచో పాట వెనుక ఇంజను ఈల వినవచ్చును, ఇంజను వేగము హెచ్చిన కొలది ఈలయు హెచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన తోడనే మహీంద్రా సంస్థ విల్లీస్ జీపును చేపట్టి, 1949లో బొంబాయిలో విడిభాగములు కూర్చి బండ్లు చేయసాగెను. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు అధికారి జీపు పల్లెవారికి ప్రభుత్వమునకు మారుపేరయ్యెను. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమము వచ్చెను. ఆ యేడే పంచవర్ష ప్రణాళికలను గూర్చి చెప్పుటకు కేంద్రప్రభుత్వము ప్రచారదళములను ఏర్పరచి, సినిమా యంత్రము, తెర, మైకుసెట్టు గల బండ్ల నిచ్చెను. 1951–52 సాధారణ ఎన్నికలలోను, 1955 నాటి ఆంధ్ర ఎన్నికలలోను పక్షములన్నియు మైకు కట్టిన బండ్లను ఊరూర త్రిప్పెను. అంతవరకు ఎడ్లబండికి రెండు ప్రక్కల బొమ్మలు కట్టి, ముందు డప్పు కొట్టించిన సినిమావారును క్రమముగా ఈ దారి పట్టిరి. చాటింపు వేయువాని పనిని అతనిని అడుగకయే యంత్రము తీసికొనెను.

అయితే తప్పెట పని యంతయు అది తీసికొనలేదు. ఈ సంగతి గ్రహించుటకు ఒక చిన్న లెక్క వేయవలెను. జీపునకు కట్టు లౌడ్‌స్పీకరు బాకా వంటిది. లోపల యూనిట్టు అను చిన్న రేకు కదలును; బాకా ఆ కదలికను మెల్లమెల్లగ వెడల్పు చేసి గాలికి అప్పగించును. ఇట్లు చేయుటవలన అల్పశక్తితో గొప్ప శబ్దము పుట్టును. మామూలు కాగితపు స్పీకరు తనకు వచ్చిన విద్యుత్తులో నూటికి ఒక పాలు మాత్రము శబ్దముగా మార్చుచుండగా, మంచి బాకా నూటికి పదిపాళ్ళు, అంతకు మించియు మార్చగలదు. కాని దీనికి ఒక నిబంధన కలదు. బాకా మూతి చుట్టుకొలత శబ్దతరంగపు పొడవునకు సుమారు సమానముగా ఉండవలెను. సెకనుకు 300 కంపనముల ధ్వనికి తరంగము పొడవు ఒక మీటరు పదునాలుగు సెంటీమీటర్లు; అనగా మూతి అడ్డకొలత ముప్పదియారు సెంటీమీటర్లు, పదునాలుగు అంగుళములు. తేలికగ జీపు పైకి ఎక్కును. మరి పెద్ద డప్పు అడుగు మ్రోతకు, సెకనుకు 50 కంపనములకు? మూతి అడ్డకొలత రెండు మీటర్లకు పైగా కావలెను. అనగా జీపు కంటె బాకాయే వెడల్పు!

అందుచేత జీపు మైకు మంద్రధ్వనిని వదలుకొనెను. బ్యాటరీయు అట్లే ఆజ్ఞాపించెను. పాత జీపులకు ఆరు వోల్టుల బ్యాటరీ. వాల్వుల ఆంప్లిఫయరునకు వందల వోల్టులు కావలెను. మధ్య వైబ్రేటరో తిరుగుడు యంత్రమో పెట్టి వోల్టులు పెంచవలెను. ముప్పది వాట్ల ఆంప్లిఫయరు తాను తీసికొన్న శక్తిలో మూడవ వంతు మాత్రమే తిరిగి ఇచ్చిన యెడల, ఆరు వోల్టుల బ్యాటరీ నుండి పదునైదు ఆంపియర్లు లాగును. ఇంజను ఆపి సంతలో గంటసేపు ఉపన్యాసము చెప్పిన తరువాత బండిని నెట్టి స్టార్టు చేయుట ఆశ్చర్యము గాదు. ఉన్న ఆ కొద్ది శక్తిని ఎచట ఖర్చు పెట్టవలెను? మాట అర్థమగుటకు కావలసిన చోట. హల్లుల స్పష్టత సెకనుకు వెయ్యి మొదలు నాలుగువేల కంపనముల మధ్య నున్నది. పురుషుని గొంతు అడుగు శ్రుతి నూరు, నూటయేబది కంపనములే యైనను, దానిని తీసివేసినను మెదడు మీది స్వరములను బట్టి దానిని ఊహించుకొనును. టెలిఫోనులో మనము తండ్రి గొంతును గుర్తుపట్టుట ఈ ఉపాయముననే. బాకాకును టెలిఫోనునకును బంధుత్వము దగ్గరిది. అందుచేతనే బాకా గొంతు ముక్కుతో పలికినట్లుండును. ఆ గొంతునే ఒక తరము పల్లెవారు సర్కారు గొంతుగా, ఎన్నికల గొంతుగా, సినిమా గొంతుగా ఎరిగిరి.

రేడియోలో పనిచేయువాడను గనుక ఇచ్చట మా ఇంటి సంగతియు చెప్పవలసి యున్నది. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ 1948లోను, విశాఖపట్టణము 1963లోను ప్రసారములు ప్రారంభించినవి. పల్లెలలో పంచాయతీ రేడియోలు పెట్టిన కాలమున విద్యుత్తు లేని ఊళ్ళలో అవి బ్యాటరీల మీదనే పలికినవి. ఆ చిన్న పెట్టెలోని స్పీకరు మంద్రధ్వనిని పలుకలేదు. మా స్టూడియోలో విద్వాంసుడు మృదంగపు ఎడమ మొగమును ఎంత గంభీరముగ పలికించినను, రచ్చబండ చేరునప్పటికి అది చిటికె వేసినట్లే వినబడెను. శ్రోతలు ఫిర్యాదు చేయలేదు. వారికి పోలిక తెలియక కాదు, వారి ఊరి గుడిలో నిజమైన మ్రోత ఎట్లున్నదో వారికి బాగుగా తెలియును. యంత్రపు సంగీతము వేరు, మనుష్యుని సంగీతము వేరని వారు ఒప్పుకొని యుండిరి. ఈ ఒప్పుదల నలుబది ఏండ్లు నడచెను.

ట్రాన్సిస్టరు వచ్చి ఆ ఒప్పుదలను మెల్లగ చెరిపెను. వైబ్రేటరు, వాల్వులు పోయి, పండ్రెండు వోల్టులతో నేరుగా పనిచేయు ఆంప్లిఫయర్లు వచ్చెను. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును వెలువరించెను. దానితో బండిలో పాటను ఎన్నుకొను అధికారము తొలిసారి డ్రైవరు చేతికి వచ్చినది. రేడియోలో మేము వేసినదే అతడు వినవలసి యుండెను గదా. ఆ కాలముననే, 1982లో, నందమూరి తారక రామారావు షెవ్రొలే వ్యానును చైతన్యరథముగా మార్చి రాష్ట్రమంతట తిరిగి, 1983 జనవరి ఎన్నికలలో గెలిచెను. బండి పైకెక్కి వెలుపలి జనముతో పలుకుటలో తెలుగుదేశము ఎరిగిన పరాకాష్ఠ అది. అది వ్యానే గాని జీపు కాదు. అయినను వంశము ఒకటే. మూడేండ్లకు, 1985లో, మారుతి జిప్సీ వచ్చెను. మహీంద్రా థార్ 2010లో వచ్చెను. ఇవి ప్రభుత్వపు బండ్లుగనే గాక, సొంత వేడుకకు కొనుకొన్న బండ్లుగను పేరొందినవి. గొంతు లోపలికి తిరుగుట వీనితోనే స్థిరపడెను.

లోపలికి తిరిగిన గొంతునకు బాకా అక్కరలేదు. దానికి కావలసినది పెట్టె. కాగితపు శంకువు ముందుకు పోవునపుడు ముందు గాలి ఒత్తుకొనును, వెనుక గాలి పలుచనగును. రెండును కలిసికొన్నచో మంద్రధ్వని తనను తానే చంపుకొనును. వెనుకవైపును పెట్టెలో మూసివేయవలెను. ఎడ్గార్ విల్‌చర్ అను అమెరికను 1954లో, మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొని, పెద్ద బీరువా చేయు పనిని పుస్తకముల అలమర పరిమాణములో చేయించెను. ఏ స్పీకరునకు ఎంత పెట్టె అను లెక్కను 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970 దశాబ్దిలో రిచర్డ్ స్మాల్ స్థిరపరచిరి. ఆంగ్లమున కుక్క మొరుగు ధ్వనిని బట్టి పెద్ద స్పీకరునకు వూఫరు అను పేరుండగా, దానికి అడుగున పలుకునది సబ్‌వూఫరయ్యెను. 1974లో ఎర్త్‌క్వేక్ అను హాలీవుడ్ చిత్రమునకు సినిమాశాలలలో పెద్ద పెట్టెలు పెట్టి నేల కంపించినట్లు చేసిరి. ఆ పెట్టెయే కుదించుకొని బండి యెక్కినది.

బండిలో దీనికి ఒక ప్రకృతిసహాయము కలదు. సెకనుకు 40 కంపనముల తరంగము ఇరువదియెనిమిది అడుగుల పొడవు. ఇంత తరంగము పదునొకండు అడుగుల బండిలో ఎట్లు ఇముడును అని సందేహము కలుగును. ఇమడదు, ఇమడనక్కరయు లేదు. మూసిన చిన్న గదిలో స్పీకరు తరంగమును పంపుట మాని, గదిలోని గాలినంతటిని ఒక్కుమ్మడిగ ఒత్తి వదలును. గది ఎంత చిన్నదైన ఒత్తిడి అంత హెచ్చు. కావున పదియంగుళముల స్పీకరు, ఇరువది లీటర్ల పెట్టె, ఇంటిలో చేయలేని పని చిన్న బండిలో చేయును. కాని ఇది రేకుకప్పు బిగించిన బండికే. గుడ్డకప్పు వేసిన జీపులో ఒత్తిడి కుట్టుల నుండి, సందుల నుండి పారిపోవును. వేలు ఖర్చు పెట్టి పెట్టె కట్టించుకొని, మ్రోత రాలేదని ఆంప్లిఫయరును నిందించువారు మొదట తలపైకి చూడవలెను.

అమరికలో నా మనస్సునకు మిక్కిలి ముఖ్యముగ తోచునది పాట కాదు, తీగ. రెండువందల యేబది వాట్ల ఆంప్లిఫయరు, పాతరకమైనచో పూర్తి మ్రోతలో ముప్పది ఆంపియర్లకు మించి లాగును. క్రొత్త డి తరగతిది ఇరువదిమూడు, ఇరువదినాలుగు లాగును. ఆ తీగ బ్యాటరీ నుండి ఇంజను వెనుక రేకును తొలుచుకొని లోపలికి రావలెను. మైదానపు బాటలో నడచు కారులో ఆ రంధ్రపు అంచు పది సంవత్సరములు తీగను కోయకపోవచ్చును. రాళ్ళబాటలో ఎగిరిపడు బండిలో అది రంపమగును. రబ్బరు వాషరు లేక, బ్యాటరీకి జానెడు దూరములో ఫ్యూజు లేక పోయిన యెడల, కోసిన తీగ రేకును తాకిన క్షణమున మంట పుట్టును. అంతయు పెట్రోలు పంపునకు మూరెడు దూరములో. పెట్టెను నేలకు బోల్టులతో బిగింపవలెను. పదునైదు కిలోల పెట్టె, బండి పల్టీ కొట్టినపుడు, కూర్చున్నవారి తలల మీదికే వచ్చును. ఇక ఆ పెట్టె చెక్క: పొడిచెక్క పలక వాన తగిలిన ఉబ్బి విడిపోవును గనుక, తెరచిన బండికి తడికి ఓర్చు ప్లైవుడ్డే మేలు. వెనుక బల్లసీటు క్రింద పట్టునట్లు చేయించినచో బరువు క్రిందనుండి, సామానునకు చోటు మిగులును. తలుపులు లేని పాతజీపులో చిన్న స్పీకర్లను పైకమ్మికి వ్రేలాడదీయుట కలదు. చెవికి దగ్గర గనుక అల్పశక్తి చాలును.

ఇట్లు చూచిన యెడల, జీపు మీది బాకా చాటింపువాని మాటను తీసికొని తప్పెటను వదలెను. జీపులోని పెట్టె తప్పెటను తీసికొని మాటను వదలినది. వీధిలో నున్నవారికి ఈ రెండవది మరింత స్పష్టముగ తెలియును. పాటలోని పదములు, సన్నని వాద్యములు బండి రేకు లోపలనే నిలిచిపోవును. మంద్రము రేకును దాటి, ఇంటి గోడను దాటి, కిటికీ అద్దమును కదల్చును. లోపలివారు పాట వినుచున్నారు, వెలుపలివారు దడదడ మాత్రము వినుచున్నారు. తప్పెట మ్రోత తరువాత మాట వచ్చునని ఊరివారు బయటికి వచ్చెడివారు. ఈ మ్రోత తరువాత ఏమియు రాదు, బండి సాగిపోవును.

చట్టము దీనిని పూర్తిగ విడువలేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు బహిరంగస్థలమున ధ్వనివర్ధకములు పనికిరావు. నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు మితి. సుప్రీముకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో రాత్రి నిషేధమును గట్టిగ నిలిపెను. ఇవి బాకాను దృష్టిలో పెట్టుకొని చేసిన నిబంధనలని చదువునపుడే తెలియుచున్నది. కొలత యంత్రము చెవి పద్ధతిలో కొలిచినచో మంద్రమునకు తక్కువ మార్కులు వేయును. గోడ వెనుక పండుకొన్న రోగి గుండెకు అట్టి తగ్గింపు లేదు.

ఘాటు మీద సంగతి వేరు. అచ్చట రోగి లేడు, గోడ లేదు, మలుపు ఉన్నది. మలుపు మలుపునకు హారను కొట్టి, ఎదుటి హారను వినుట కొండబాటలో డ్రైవరు నేర్చు తొలిపాఠము. శబ్దశాస్త్రమున తెలిసిన విషయమొకటి కలదు: బలమైన మంద్రధ్వని తనకంటె హెచ్చు శ్రుతి గల ధ్వనులను కప్పివేయును, హెచ్చు శ్రుతి మంద్రమును అంతగా కప్పలేదు. ఎదుటి బస్సు హారను హెచ్చు శ్రుతిలోనిదే. పైగా గట్టి మ్రోతలో చాలసేపు కూర్చున్న చెవి కొంతసేపు మొద్దుబారును; మ్రోత మూడు డెసిబెల్లులు హెచ్చిన కొలది చెవి ఓర్చు కాలము సగమగును. అందుచేత గరికబంద దాటిన తరువాత పెట్టెను వేరు మీటతో ఆపుకొనునట్లు, ఆ మీట స్టీరింగు వదలకయే అందునట్లు, మెకానిక్కుచేత ముందే పెట్టించుకొనవలెను. ఒక మీట, రెండు గజముల సన్నని తీగ. ఆంప్లిఫయరును లేపు తీగకే అది అడ్డము పెట్టుదురు గనుక దానిలో పెద్ద విద్యుత్తు పారదు. చిన్న స్పీకర్లలో పాట సాగుచునే యుండును, మలుపు అవతలి హారను వినబడును.